రొమ్ము క్యాన్సర్ నివేదిక చదవడం - 4వ పాఠం: ఈఆర్, పీఆర్ అంకెలు

పోయిన పాఠంలో కణితి రకం, గ్రేడు (కణాలు మామూలు కణాల నుంచి ఎంత మారాయో చెప్పే అంకె) నివేదికలో ఎక్కడ ఉంటాయో చూశాం. ఆ రెండింటినీ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. ఈ రోజు చదివే అంకెలను వాటితో సరిపోల్చడమే అసలు పని. ఈ పాఠాల్లో నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించేది ఇదే, అందుకే కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం, పీఆర్ అంటే ప్రొజెస్టెరాన్ గ్రాహకం. రెండూ ప్రధానంగా కణకేంద్రకంలో ఉండే ప్రోటీన్లు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ వచ్చి తన గ్రాహకానికి అతుక్కుంటే కణం పెరగడానికి, విభజన చెందడానికి ఆదేశం అందుతుంది. టామాక్సిఫెన్ లాంటి మందు ఆ చోటును ముందే ఆక్రమించి ఆదేశాన్ని అడ్డుకుంటుంది. ఈస్ట్రోజెన్ తయారయ్యే అండాశయాలు తీసేస్తే కొందరిలో ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని స్కాట్లాండ్‌కు చెందిన శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్ 1896లోనే ప్రకటించాడు. అలా ఎందుకు జరుగుతుందో అర్థం కావడానికి ఎల్వుడ్ జెన్సన్ షికాగోలో ఈ గ్రాహకాన్ని గుర్తించేదాకా, అంటే అరవై ఏళ్లకు పైగా, వేచి చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు కణితి ముక్కను పెట్టి సూక్ష్మదర్శినిలో చూసే గాజు పలక దగ్గరకు వద్దాం. గ్రాహకాలకు రంగు పట్టించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్షలో గ్రాహకం ఉన్న కేంద్రకాలు గోధుమ రంగులో, లేనివి నీలంగా కనిపిస్తాయి. వైద్యులు చూసేవి రెండే: ఎన్ని కేంద్రకాలకు రంగు పట్టింది, ఎంత చిక్కగా పట్టింది.

ఆల్రెడ్ పద్ధతిలో ఈ రెండింటికీ విడివిడిగా మార్కులు వేసి కలుపుతారు. రంగు పట్టిన కణాలు అసలు లేకపోతే 0, నూటికి ఒకటి కన్నా తక్కువైతే 1, పదోవంతు వరకు 2, మూడోవంతు వరకు 3, మూడింట రెండొంతుల వరకు 4, అంతకు మించితే 5. చిక్కదనానికి 0 నుంచి 3. మొత్తం గరిష్ఠంగా 8. సగం కణాలకు లేత రంగు పట్టిందనుకోండి: 4కు 1 కలిపితే 5.

హెచ్ స్కోరు ఇంకొంచెం సూక్ష్మమైనది. లేత రంగు కణాల శాతాన్ని 1తో, మధ్యస్థమైన వాటిని 2తో, చిక్కటి వాటిని 3తో గుణించి కూడుతారు. వంద కణాల్లో 20 లేతగా, 30 మధ్యస్థంగా, 40 చిక్కగా ఉండి, 10కి రంగే పట్టకపోతే 20, 60, 120 కలిపి 200. గరిష్ఠం 300.

ఏ పద్ధతిలో చూసినా పాజిటివ్ అనడానికి ఒక శాతం కణాలకు రంగు పడితే చాలని 2010 నాటి అమెరికా మార్గదర్శకాలు నిర్ణయించాయి. 2020లో వాటిని సవరించినప్పుడు 1 నుంచి 10 శాతం ఈఆర్ ఉన్నవాటిని 'అల్ప పాజిటివ్' అని వేరుగా రాయమన్నారు. ఇలాంటి కణితులు చాలాసార్లు నెగటివ్ వాటిలాగే ప్రవర్తిస్తాయి. కాబట్టి నివేదికలో 'పాజిటివ్' అన్న మాట దగ్గరే ఆగకండి, పక్కనున్న శాతం కూడా చదవండి.

ఇక ముందు పెట్టుకున్న కాగితం తీయండి. ట్యూబ్యులర్, మ్యూసినస్ రకాల్లో ఈఆర్ దాదాపు ఎప్పుడూ పాజిటివే, అదీ బలంగా. మామూలు లోబ్యులర్ రకం కూడా అత్యధికంగా అంతే. పురుషుల్లో వచ్చే రొమ్ము క్యాన్సర్ కూడా ఎక్కువగా పాజిటివే. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే డక్టల్ రకంలో మాత్రం స్థాయి గ్రేడును బట్టి మారుతుంది: మొదటి గ్రేడులో ఎక్కువ, మూడో గ్రేడులో తక్కువ లేదా శూన్యం. మెటాప్లాస్టిక్ రకంలో సాధారణంగా రెండు గ్రాహకాలూ ఉండవు. అపోక్రైన్ రకంలో ఈ రెండూ లేకపోయినా పురుష హార్మోన్ గ్రాహకం ఉంటుంది.

గ్రాహకాలు లేవంటే ప్రమాదకరమైన క్యాన్సరే అని చాలామంది బెంబేలెత్తుతారు. అది అన్ని రకాలకూ వర్తించదు. అడినాయిడ్ సిస్టిక్, సెక్రీటరీ అనే అరుదైన రకాల్లో కూడా సాధారణంగా గ్రాహకాలు ఉండవు, అయినా అవి చాలావరకు నెమ్మదిగా, సాధువుగా ఉంటాయి. రకం పేరు చూడకుండా గ్రాహకాల అంకె ఒక్కటే చూసిన మనిషి లేని భయాన్ని మోస్తాడు.

చివరగా ఒక అభ్యాసం. నివేదికలో ఇలా ఉంది: లోబ్యులర్ రకం, గ్రేడు 1, ఈఆర్ 0, పీఆర్ 0. ఏం చేయాలి? ఒక్క నిమిషం ఆలోచించి తర్వాతి పేరా చదవండి.

రకానికీ అంకెకూ పొంతన లేదు. అలాంటప్పుడు మొదట చూడాల్సింది అదే పలక మీద కణితి పక్కనున్న మామూలు పాల నాళాలను. ఆరోగ్యకరమైన నాళాల్లో కొన్ని కణాలకైనా గోధుమ రంగు పట్టాలి. వాటికీ పట్టలేదంటే తప్పు కణితిది కాదు, పరీక్షది. కణజాలం చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్‌లో పడడానికి గంటకు మించి ఆలస్యమైనా, అందులో 6 గంటల కన్నా తక్కువ లేదా 72 గంటల కన్నా ఎక్కువ ఉన్నా ఫలితం నమ్మదగినది కాకపోవచ్చు. ఇంకో ముక్క మీద మళ్లీ పరీక్ష చేయించవచ్చా అని వైద్యుణ్ణి తప్పకుండా అడగాలి. ఆ ఒక్క ప్రశ్న మీదే ఏళ్ల తరబడి వాడాల్సిన హార్మోన్ మందు అందడమో అందకపోవడమో ఆధారపడి ఉంటుంది.

వచ్చే పాఠంలో హెర్2 అనే మరో ప్రోటీన్ గురించి చదువుదాం. దాని రంగు కేంద్రకంలో కాదు, కణం అంచు చుట్టూ వెతకాలి.