ఉప్పుగాలి ఊళ్లో రివాల్వర్ సంరక్షణ

మాది కాకినాడ. నా దగ్గరున్నది కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్, లైసెన్సుది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, తిరిగి తెచ్చుకోగానే శుభ్రం చేస్తాను.

ముందు తూటాలు పక్క గదిలో పెట్టేయండి. లివర్ నొక్కి బ్యారెల్ కిందికి వంచి, ఆరు ఛాంబర్లూ (తూటాలు పెట్టే రంధ్రాలు) ఖాళీయేనా అని కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోండి. తర్వాత బ్యారెల్‌కీ ఛాంబర్లకీ సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) అద్దిన గుడ్డ, ఇత్తడి బ్రష్, మళ్లీ పొడిగుడ్డ, మసి అంటనంతవరకూ. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (ఖాళీ తూటా తొడుగులను బయటికి నెట్టే నక్షత్రాకారపు భాగం) కింద మసి పేరుకుంటే, ఛాంబర్లుండే సిలిండర్ బిగుసుకుంటుంది. అక్కడికి పాత టూత్‌బ్రష్ చాలు. చివరికి గన్ ఆయిల్, పల్చగా. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురు కడుతుంది. తోలు ఒరలో దాచొద్దు, చెమ్మ పీలుస్తుంది. లోపలి స్క్రూల జోలికి వెళ్లకండి, అది ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పని.