ష్యూరిటీ సంతకం పెట్టిన కారును ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోతే ఏం చేయాలి?

"బావా, బండి తీసుకుపోయారు" అని టాక్సీ నడిపే మా బావమరిది ఫోన్ చేసేసరికి ఉదయం ఆరున్నర. రైల్వే స్టేషన్‌లో పార్టీని దించి విశాఖ కంచరపాలెంలో టీ తాగడానికి ఆగాడట. గ్లాసు చేతిలో ఉండగానే బైకు మీద ఇద్దరు వచ్చి తాళం అడిగారు. జూన్, జులై, ఆగస్టు కిస్తీలు బాకీ. వానలకి అరకు బేరాలు పడిపోయాయని, దసరాకి సర్దేద్దామని వాడు ఎవరికీ చెప్పలేదు. వాడి ఏడుపు బండి గురించి. నా గుండె జారింది మాత్రం ఆ లోన్ కాగితాల్లో నా సంతకం గుర్తొచ్చి.

మన ఊళ్లో టాక్సీ కొనాలంటే ఫైనాన్స్ వాళ్లు జీతం స్లిప్పు ఉన్న బంధువునొకరిని తెమ్మంటారు. ఆ బంధువు షోరూమ్‌లో కూల్‌డ్రింక్ తాగుతూ చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాడు. నేనూ అదే చేశాను. ఆ తర్వాత రెండు నెలలు తిరిగి నేర్చుకున్నది ఇది.

మొదట: ఏమని సంతకం పెట్టారో చూడండి

లోన్ అగ్రిమెంట్ కాపీ తెప్పించుకోండి. అప్పు తీసుకున్నవాళ్లకి కాపీ ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. మీ బంధువు దగ్గర లేకపోతే బ్రాంచికి రాతపూర్వకంగా లెటర్ పెట్టి అడగండి. అందులో మీ పేరు పక్కన కో-అప్లికెంట్ అని ఉందా, గ్యారంటర్ అని ఉందా చూడండి. కో-అప్లికెంట్ అంటే అప్పు ఇద్దరూ కలిసి తీసుకున్నట్టే. గ్యారంటర్ అంటే అతను కట్టకపోతే నేను కడతానని మాటిచ్చినట్టు. వినడానికి రెండోది తేలిగ్గా ఉంటుంది కానీ 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, గ్యారంటర్ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. "ముందు వాణ్ణి అడగండి, తర్వాత నా దగ్గరికి రండి" అంటే కుదరదు. ఈ మాట బ్రాంచిలో నేనూ అన్నాను. మేనేజర్ నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు బండి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) తీసి చూడండి. ఓనర్ పేరు ఒకటి, ఫైనాన్షియర్ పేరు ఒకటి కనబడతాయి. మీ పేరు ఎక్కడా ఉండదు. అప్పులో సగం మీదైనా, కిస్తీలన్నీ మీరే కట్టినా, ఆర్‌సీలో పేరు లేనంతవరకు ఆర్టీఓ ఆఫీసు దృష్టిలో ఆ కారుకీ మీకూ సంబంధం లేదు. ఫైనాన్షియర్ పేరు అక్కడ ఉందంటే బండి హైపోథికేషన్‌లో, అంటే అప్పుకి తాకట్టులో, ఉందని అర్థం. మనవాళ్లు హెచ్‌పీ అంటారు. బండి వాడుకునేది, చలానాలు కట్టేది ఆర్‌సీ ఓనరే. అప్పు తీరేదాకా ఫైనాన్షియర్ ఒప్పుకోకుండా అమ్మడం కుదరదు.

కిస్తీ తప్పిన వారంలోనే కదలండి

మూడో నెల దాకా ఆగడమే మేం చేసిన పెద్ద తప్పు. కిస్తీ 90 రోజులు దాటితే ఆ లోన్‌ని మొండి బాకీ కింద రాస్తారు. ఆ తర్వాత బ్రాంచి వాళ్లు మాట్లాడే తీరే మారిపోతుంది. మొదటి కిస్తీ బౌన్స్ అయిన వారంలోనే వెళ్లి, బేరాలు లేవని చెప్పి, కిస్తీ తగ్గించి గడువు పెంచమని లెటర్ ఇవ్వండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆ లెటర్ కాపీ మీద బ్రాంచి స్టాంపు మాత్రం వేయించుకోండి.

మీరు డబ్బు సర్దదలుచుకుంటే బంధువు చేతికి ఇవ్వకండి. మీ అకౌంటు నుంచి నేరుగా లోన్ అకౌంటుకే కట్టండి. రేపు ఆ డబ్బు వెనక్కి అడగాలంటే బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. ఇంటికొచ్చిన ఏజెంటుకి రసీదు లేకుండా నగదు అసలే ఇవ్వొద్దు.

లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని ఆలస్య రుసుముల వరుస చూడండి. కిస్తీ ఆలస్యమైతే జరిమానా వేయొచ్చు గానీ, దాన్ని వడ్డీగా కలపడానికి, ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయడానికి వీల్లేదని రిజర్వ్ బ్యాంక్ 2023లో చెప్పింది. 2024 నుంచి అది అమల్లో ఉంది.

బండిని ఊళ్లో దాచేద్దాం, మావయ్య గారి కల్లంలో పెట్టేద్దాం అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. మాకూ ఇచ్చారు. బండి దొరక్కపోతే కేసు, వారెంటు అంటూ కంపెనీ అడుగులు ఇంకా పెద్దవవుతాయి. కిస్తీల మీద రుసుములు ఎలాగూ పెరుగుతూనే ఉంటాయి.

బండి కోసం వచ్చినప్పుడు

అగ్రిమెంట్‌లో బండి స్వాధీనం చేసుకునే షరతు ఉంటే, కిస్తీలు కట్టనప్పుడు తీసుకెళ్లే హక్కు కంపెనీకి ఉంది. తీసుకెళ్లే తీరుకి మాత్రం హద్దులున్నాయి. అప్పు వసూలుకి గూండాలను పంపి బలవంతంగా బండి లాక్కోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా చెప్పింది. ఎంత ముందు నోటీసు ఇవ్వాలి, ఎలా తీసుకోవాలి, అమ్మే ముందు కట్టడానికి ఆఖరి అవకాశం ఎలా ఇవ్వాలి అన్నవి అగ్రిమెంట్‌లోనే రాసి ఉండాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అందుకే కాపీ అన్నది.

వచ్చినవాళ్లని మూడు అడగండి: ఐడీ కార్డు, ఈ బండి నంబరు వేసి కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్, మీకు పంపిన నోటీసు కాపీ. ఫోన్‌లో వీడియో తీయండి. బూతులు తిట్టినా, గేటు తోసుకుని లోపలికొచ్చినా, చేయి చేసుకున్నా వెంటనే 112కి కొట్టండి. మీరు కూడా చేయి ఎత్తొద్దు, బండికి అడ్డంగా పడుకోవద్దు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే తాళం ఇచ్చేయడమే మంచిదని నా అభిప్రాయం.

ఇచ్చే ముందు ఇన్వెంటరీ షీట్ నింపించాలి. ఇక్కడే మనవాళ్లు టెన్షన్‌లో గాలికొదిలేస్తారు. మా బావమరిది సంతకం పెట్టిన షీట్‌లో స్టెప్నీ "లేదు" అని ఉంది. అసలు స్టెప్నీ కొత్తది, నెల కిందటే ఆటోనగర్‌లో వేయించాడు. మ్యూజిక్ సిస్టమ్ గడి ఖాళీగా వదిలేశారు. డాష్‌బోర్డు మీద సింహాద్రి అప్పన్న ఫొటో, వెనక సీట్లో పిల్లాడి స్కూల్ బ్యాగు అలాగే పోయాయి. షీట్‌లో ప్రతి గడీ నింపాలి. కిలోమీటర్ల రీడింగ్, నాలుగు టైర్లు, గీతలు, నొక్కులు అన్నీ ఫొటోలు తీయాలి. మీ సొంత సామాను, అసలు కాగితాలు దించుకోవాలి. తేదీతో పాటు టైము కూడా రాయించండి. ఆ తర్వాత ఆ బండి మీద ఈ-చలానా పడినా, ఎక్కడైనా గుద్దినా, అప్పటికి బండి మీ చేతుల్లో లేదని చూపించేది ఆ కాగితమే.

తీసుకెళ్లాక మొదటి రెండు రోజులు

బండి పోయిన చోటి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, ఫైనాన్స్ వాళ్లు సమాచారం ఇచ్చారో లేదో కనుక్కోండి. మామూలుగా ఇస్తారు. వాళ్ల దగ్గర కబురే లేకపోతే బండి పోయిందని మీరే రాసివ్వాలి. తీసుకెళ్లింది నిజంగా ఫైనాన్స్ వాళ్లేనో కాదో ఎవరికి తెలుసు?

అదే రోజు బ్రాంచికి లెటర్, ఈమెయిల్ రెండూ పెట్టండి. బండి ఏ యార్డులో ఉంది, విడిపించాలంటే ఎంత కట్టాలి, ఆ మొత్తంలో కిస్తీలెంత, జరిమానా ఎంత, సీజింగ్ చార్జీ ఎంత, యార్డు అద్దె ఎంత, ఏ తేదీ లోపు కట్టాలి అని విడివిడిగా అడగండి. గ్యారంటర్‌గా మీ పేరుతో కూడా వేరే లెటర్ పెట్టండి. మాకు మొదట ఫోన్‌లో ఒకే అంకె చెప్పారు. రాతలో అడిగాక వచ్చిన లెక్కలో "ఇతర ఖర్చులు" అని 4,500 రూపాయలు ఉన్నాయి. అగ్రిమెంట్‌లో ఎక్కడుందో చూపించమంటే తీసేశారు. యార్డు అద్దె రోజూ ఎక్కుతుంది కాబట్టి లెక్క మీద గొడవ ఉన్నా, కట్టగలిగితే "అభ్యంతరంతో కడుతున్నాం" అని లెటర్ ఇచ్చి బండి విడిపించుకుని, తర్వాత పోట్లాడటం నయం. మేం తొమ్మిదో రోజున విడిపించాం. అప్పన్న ఫొటో ఉంది. స్టెప్నీ లేదు.

వేలం, ఆ తర్వాత వచ్చే లెక్క

విడిపించలేకపోతే బండి వేలానికి వెళుతుంది. బండి పోయింది కదా, అప్పు కూడా పోయిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అప్పు పోదు. బాకీ 4,80,000 ఉందనుకోండి. సీజింగ్, యార్డు ఖర్చులు 22,000. వేలంలో 3,10,000 పలికింది. మిగిలిన 1,92,000 కట్టమని అప్పు తీసుకున్నవాడికీ, మీకూ నోటీసు వస్తుంది. తాళం మీ అంతట మీరే తీసుకెళ్లి ఇచ్చినా ఈ లెక్క ఇంతే. బాకీ కన్నా ఎక్కువ పలికితే మిగులు బండి ఓనరుకి తిరిగివ్వాలి. అడగనిదే ఇస్తారని కూర్చోకండి.

వేలం నోటీసు, వాల్యుయేషన్ రిపోర్టు, ఎంతకి ఎవరు కొన్నారన్న కాగితం అడిగి తీసుకోండి. గ్యారంటర్‌గా మీకు ఒక ఆయుధం ఉంది. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 141 ప్రకారం, తాకట్టులో ఉన్న వస్తువును అప్పిచ్చినవాడు పోగొట్టినా, మీ అనుమతి లేకుండా వదిలేసినా, దాని విలువ మేరకు మీ బాధ్యత తగ్గుతుంది. ఐదు లక్షల బండిని చెప్పాపెట్టకుండా రెండు లక్షలకి అమ్మేశారంటే దీని మీద వాదించొచ్చు. ఇంకా తేలికైన దారి, మీరే కొనేవాణ్ణి తీసుకెళ్లడం. గాజువాకలో సెకండ్ హ్యాండ్ కార్ల వాళ్లని ఇద్దరు ముగ్గుర్ని అడిగి, మంచి ధర చెప్పినవాడి పేరు వేలానికి ముందే బ్రాంచికి రాసివ్వండి.

ఇంకో సంగతి, ఆర్‌సీలో అడ్రస్. స్వాధీనం చేసుకున్న బండిని కంపెనీ ఫారం 36తో తన పేరుకి మార్పించుకోవచ్చు. మార్చే ముందు ఆర్టీఓ ఆఫీసు ఓనరుకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. అది ఆర్‌సీలో ఉన్న అడ్రసుకే వెళుతుంది. మా వాడి ఆర్‌సీలో గోపాలపట్నంలో ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇల్లు ఉంది.

డబ్బంతా మీరు కడితే కారు మీదవుతుందా?

కాదు. గ్యారంటర్ అప్పు తీరిస్తే, అప్పిచ్చినవాడికి ఉన్న హక్కులు గ్యారంటర్‌కి వస్తాయి (సెక్షన్ 140). కట్టిన డబ్బు అసలు అప్పుదారు నుంచి రాబట్టుకోవచ్చు (సెక్షన్ 145). దావా వేయడానికి కట్టిన రోజు నుంచి మూడేళ్లు గడువు. కారు మీ పేరు మీదికి రావాలంటే మాత్రం ఓనరు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ట్రాన్స్‌ఫర్ చేయాల్సిందే. కట్టే ముందే కూర్చుని మాట్లాడుకోండి: బండి ఎవరికి, డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది అని. మా అత్తగారి ముందు, ప్రామిసరీ నోటు మీద రాసుకున్నాం. కాస్త మొహమాటం అనిపించింది. నెలనెలా ఆరు వేలు ఫోన్‌పేలో వస్తుంటే ఆ మొహమాటం ఎక్కడికో పోయింది.

ఓనరు చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకి తెలపాలి. వారసులు ఫారం 31తో మార్పించుకోవాలి. గ్యారంటర్ బాధ్యత అప్పుడూ ఉంటుంది.

మాట వినకపోతే

వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. బంధువుల ముందు, స్నేహితుల ముందు పరువు తీయకూడదు. ఇలాంటివేవైనా జరిగితే తేదీ, టైము, నంబరు ఒక నోటుబుక్‌లో రాసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఖర్చు లేదు. సాయం కావాలంటే 14448. లాయరు ఫీజు కట్టలేనివాళ్లు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థని అడగొచ్చు. నంబరు 15100. సేవా లోపం మీద వినియోగదారుల కమిషన్ కూడా ఉంది.

చెన్నై నుంచో ముంబై నుంచో ఆర్బిట్రేషన్ (గొడవని కోర్టు బయట మధ్యవర్తి తేల్చడం) నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయొద్దు. జవాబు ఇవ్వకపోతే ఏకపక్షంగా అవార్డు, అంటే తీర్పు, ఇచ్చేస్తారు. ఆ తర్వాత జీతం అటాచ్‌మెంట్ (జప్తు) దాకా వస్తుంది. ఆ గొడవలో లాభనష్టాలున్న పార్టీ తానొక్కటే ఏకైక ఆర్బిట్రేటర్‌ని (మధ్యవర్తిని) నియమించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ అభ్యంతరం మొదటి జవాబులోనే రాయించండి.

అప్పు తీరాక

సెటిల్‌మెంట్ కింద తక్కువ కట్టి తేల్చుకుంటే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, మీ రిపోర్టులో కూడా. తర్వాత ఇంటి లోన్‌కి వెళ్తే దాని గురించే అడుగుతారు. వీలైతే పూర్తిగా కట్టి "క్లోజ్డ్" అనిపించుకోండి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు, రెండు నెలలాగి తెప్పించి చూడండి.

ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్), ఫారం 35 తీసుకుని ఓనరు ఆర్టీఓ ఆఫీసులో హెచ్‌పీ తీయించుకోవాలి. టాక్సీకి కాకుండా సొంత వాడకానికి తీసుకున్న కారు లోన్ అయితే, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వకపోతే, ఆలస్యం కంపెనీదే అయితే, రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది.

మాకు మొదట ఇచ్చిన నో డ్యూస్ (బాకీ లేదన్న) లెటర్‌లో మా బావమరిది పేరొక్కటే ఉంది. గ్యారంటర్ పేరు కూడా వేసి, బాధ్యత నుంచి విడుదల చేశామని రాయమన్నాను. "దేనికి సార్, లోన్ క్లోజ్ అయిపోయింది కదా" అంది కౌంటర్‌లో అమ్మాయి. "సంతకం పెట్టించుకున్నప్పుడు నా పేరు రాశారు కదమ్మా" అన్నాను. ప్రింటర్‌లో పేపర్ అయిపోయిందట, ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను.