సెకండ్‌హ్యాండ్ ఎంటీబీ (మౌంటెన్ బైక్, కొండదారుల సైకిల్) ఫ్రేమ్ కొనే ముందు

ధర మాట్లాడక ముందే ఫ్రేమ్‌ని తలకిందులు చేసి చూడండి. హెడ్‌ట్యూబ్ (హ్యాండిల్ కింది పొట్టి గొట్టం) కింద, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) చుట్టూ, వెల్డింగ్ అతుకుల దగ్గర మట్టి తుడిచి, ఫోన్ టార్చ్ వేసి గోరుతో గీరండి. పెయింట్ మీద వెంట్రుకంత గీతకి గోరు తగులుకుంటే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. "అల్యూమినియమే కదన్నా, వెల్డింగ్ పెట్టిస్తే సరిపోద్ది" అంటారు. నమ్మొద్దు, ఆ వేడికి పక్కనున్న లోహం మెత్తబడుతుంది. అయస్కాంతం అంటుకుంటే స్టీలు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగిన స్టీలు ఫ్రేమైతే సీటుపోస్టు (సీటు కింది కడ్డీ) పీకించి లోపల తుప్పు చూడాల్సిందే. పోస్టు బిగుసుకుపోయి రాకపోతే అదో పెద్ద తలనొప్పి.

సైజుకొస్తే, సీటుట్యూబ్ (సీటుపోస్టు దిగే గొట్టం) మీది అంగుళాల స్టిక్కర్ ఒక్కటే చాలదు, కంపెనీకో లెక్క. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి మామూలుగా 17 దగ్గర్లో కుదురుతుంది, కానీ చక్రాలు బిగించి ఉంటే బూట్లేసుకుని పైగొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడండి, కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి, ఉదయగిరి కొండ దగ్గర రాళ్లలో తొక్కే ఆలోచనుంటే ఇంకాస్త ఉన్నా మంచిదే. రెండు సైజుల మధ్య ఊగుతుంటే నేనైతే చిన్నదే తీసుకోమంటా, సీటు పైకి లేపుకోవచ్చు, పొడుగు ఫ్రేమ్‌ని కుదించలేం కదా.

మీ దగ్గర ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), చక్రాలు ముందే ఉంటే ఫ్రేమ్ 26 అంగుళాల చక్రాలదా, 27.5దా, 29దా అడగండి. 1-1/8 అంగుళాల పాత హెడ్‌ట్యూబ్‌లో టేపర్డ్ (కాడ కిందివైపు లావయ్యే) ఫోర్క్ పట్టదు.