ఇద్దరు కలిసి పూర్తి చేయాల్సిన కొండల సైకిల్ పందెం: సమస్య - పరిష్కారం

దక్షిణాఫ్రికాలో 2004లో మొదలైన కేప్ ఎపిక్ పందెంలో ఎనిమిది రోజుల పాటు మట్టిదారుల్లో, కొండల మీద సైకిల్ తొక్కాలి. అందులో ఇద్దరిద్దరు జట్టుగా పాల్గొంటారు. ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలు దాటకూడదు. వెనక ఉన్న వ్యక్తి ముగింపు గీత దాటినప్పుడే జట్టు సమయం ఖాయమవుతుంది కాబట్టి, బలమైనవాడు ఎంత ముందుగా వచ్చినా జట్టుకు ఒరిగేదేమీ లేదు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఇలాంటి పందేలకు సిద్ధమయ్యే జంటలు కింది చిక్కులను ఈ దృష్టితోనే చూడాలి.

మొదటి ఎక్కుడులోనే ఇద్దరూ విడిపోతున్నారు

వేగాన్ని బలమైన వ్యక్తి నిర్ణయించడమే దీనికి కారణం. అతడు కొండపైన ఆగి సేదదీరుతూ ఉంటాడు. రెండోవారు రొప్పుతూ చేరుకోగానే ఇద్దరూ బయలుదేరతారు. అంటే విశ్రాంతి అవసరం లేనివారికి విశ్రాంతి దొరుకుతుంది, అవసరమున్నవారికి దొరకదు. పైగా ఎడం తగ్గించాలని శక్తికి మించి తొక్కిన ప్రతిసారీ కండరాల్లోని పిండిపదార్థం నిల్వ త్వరగా కరిగిపోతుంది, దాని ఫలితం మరునాడు కనిపిస్తుంది.

ఎక్కుడులో నిదానంగా తొక్కేవారే ముందుండాలి. బలమైనవారు వెనక గానీ పక్కన గానీ ఉండాలి. పక్కన ఉన్నప్పుడు తమ ముందు చక్రం అవతలివారి చక్రం కంటే జానెడు ముందుకు పోకుండా చూసుకోవాలి. ఆ జానెడే అవతలివారిని తెలియకుండా తొందరపెడుతుంది. మైదానంలో, ఎదురుగాలిలో మాత్రం బలమైనవారు ముందుకు రావాలి. వేగంగా పోయేటప్పుడు ముందున్నవారి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కేవారికి సుమారు పావు వంతు శ్రమ తగ్గుతుంది, నెమ్మదిగా సాగే ఘాట్‌లో ఆ లాభం దాదాపు ఉండదు. పంపు, ట్యూబులు, పనిముట్లు అన్నీ బలమైనవారి సంచిలోనే ఉండాలి.

ఈ పద్ధతిని భాకరాపేట ఘాట్ మీద సరిచూసుకోవచ్చు. ఎక్కడం మొదలుపెట్టిన తొలి అరగంటలో నిదానస్థులు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంటే ఎక్కువైనట్టు. మరునాడే హార్స్‌లీ హిల్స్ కూడా ఎక్కితే వరుస రోజుల అలసట ఎలా ఉంటుందో తెలుస్తుంది. చిత్తూరు, పలమనేరు మధ్యనున్న మొగిలి ఘాట్ కూడా మంచి ఎక్కుడే కానీ, లారీల రద్దీ వల్ల దాన్ని సాధనకు నేను సూచించను.

మూడో రోజు ఉదయం కాళ్లు కదలడం లేదు, గుండె వేగం కూడా పెరగడం లేదు

సాధన చాలలేదని చాలామంది అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు కొరత తిండిలోనే ఉంటుంది. శరీరంలో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఒక్క కొండ రోజులోనే అది చాలావరకు ఖర్చయిపోతుంది, ఆ రాత్రి నిండకపోతే మరుసటి రోజు లోటుతోనే మొదలవుతుంది.

తొక్కుతున్నప్పుడు గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం అందాలి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగులు గంటకు 60 గ్రాముల దాకా మాత్రమే పీల్చుకుంటాయి. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్‌ది వేరే మార్గం కాబట్టి రెండూ కలిసి ఉంటే అంతకు మించి అందుతుంది. బెల్లంలో ఉండేది ప్రధానంగా చక్కెరే, అది కడుపులోకి వెళ్లాక ఈ రెండుగా విడిపోతుంది. చిత్తూరు బెల్లం ఊళ్లోనే దొరుకుతుండగా ఖరీదైన జెల్ పొట్లాల కోసం వెతకనవసరం లేదు. లీటరు నీటిలో 70 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు, నిమ్మరసం కలిపి గుడ్డలో వడగట్టుకుంటే చాలు. ఎండకు పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుకారోజు కలుపుకోవాలి. తాగితే కడుపు ఉబ్బరంగా ఉంటే బెల్లం ఎక్కువైందని అర్థం, నీళ్లు పెంచాలి. మిగతా లోటును అరటిపండ్లు, పల్లీ చిక్కీ తీరుస్తాయి.

గీత దాటిన అరగంటలో కిలో శరీర బరువుకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం తీసుకోవాలి. పెరుగన్నం అందుకు బాగా సరిపోతుంది. రాగి సంగటిని సాయంత్రానికి ఉంచుకోవడం మంచిది, పీచు ఎక్కువ గనుక బయలుదేరే ముందు తింటే కడుపులో బరువుగా ఉంటుంది.

జతగాడు మాట్లాడటం మానేశాడు

నేనైతే దీన్ని పంక్చర్ కంటే పెద్ద లోపంగా లెక్కిస్తాను. "ఎట్లుంది రా?" అని అడిగితే "ఏం లేదన్నా, పద" అనే జవాబే మళ్లీ మళ్లీ వస్తుంటే అతడు ఆకలితోనో, నొప్పితోనో, చిన్నతనంగా అనిపించడం వల్లనో దాచుకుంటున్నాడని అనుకోవాలి. బాగున్నావా అని కాకుండా జవాబులో దాచడానికి వీలులేని ప్రశ్న అడగాలి: చివరిసారి ఎప్పుడు తిన్నావు, సీసాలో ఎంత మిగిలింది? ముందు తినిపించి పావుగంట నెమ్మదిగా నడిపించాకే మిగతా చర్చ. పందెం పూర్తి చేయడమే లక్ష్యమా, స్థానం కోసం పోరాడాలా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోని జంటలకు ఈ మౌనం త్వరగా వస్తుంది.

దిగుడులో బ్రేకు మీట హ్యాండిల్ దాకా వస్తోంది, కాలిన వాసన వస్తోంది

దారి పొడవునా బ్రేకును కొద్దికొద్దిగా నొక్కి పట్టుకోవడం వల్ల ప్యాడ్లు, వాటితో పాటు బ్రేకు గొట్టంలోని ద్రవం వేడెక్కుతాయి. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలేయాలి. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దాలి, నూనె అంటితే మార్చేయాలి. వాన, బురద ఉన్నచోట లోహపు పొడితో చేసిన ప్యాడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి.

కూర్చునే చోట ఒరుసుకుపోతోంది, మోకాలు నొప్పి పెడుతోంది

తడి, మురికి, రాపిడి కలిస్తే పుండు పడుతుంది. చేరగానే స్నానం చేసి పొడి బట్టలు కట్టుకోవాలి, సైకిల్ నిక్కరు లోపల మరో బట్ట వేయకూడదు, ప్రతిరోజూ ఉతికినదే వాడాలి. మోకాలి ముందు భాగం నొప్పిగా ఉంటే సీటు బాగా కిందికి ఉండవచ్చు, వెనక భాగమైతే బాగా పైకి ఉండవచ్చు. ఒకేసారి అంగుళం మార్చకుండా కొద్దికొద్దిగా సరిచేయాలి.

కొండ దిగుతుంటే ఒళ్లు వణుకుతోంది

ఇది మన ప్రాంతంవారికి కొత్త చిక్కు. హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, ఆల్ప్స్‌లో జంటలు తొక్కే ట్రాన్సాల్ప్ పందెం దారిలో 2,000 మీటర్లు దాటిన కనుమలు కూడా ఉంటాయి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పటి గాలికి మంచులా మారుతుంది, వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు పట్టు తప్పుతుంది. పైకి చేరగానే, వణుకు మొదలవకముందే, గాలి చొరని పలుచని కోటు తొడుక్కోవాలి.

ఒకరు ఇక తొక్కలేని స్థితిలో ఉన్నారు

తల తిరగడం, తికమకగా మాట్లాడటం, వాంతులు ఆగకపోవడం కనిపిస్తే అక్కడితో ఆపి వైద్య సిబ్బందికి చూపించాలి. జతగాడు తప్పుకుంటే మిగిలినవారు ఒంటరిగా కొనసాగవచ్చా, జట్టు ఫలితం ఏమవుతుంది అన్న నియమం పందెం పందేనికీ మారుతుంది. రుసుము కట్టే ముందే ఆ నియమాన్ని ఇద్దరూ చదివి, అలాంటి రోజు వస్తే రెండోవారు తొక్కుతారా, ఆగుతారా అన్నది మాట్లాడుకుని ఉంచుకోవాలి.