నీటి మీద, నేల మీద అనుమానం వచ్చినప్పుడు బిల్డరు చేయవలసిన పని

రొయ్యల గుంట పూడ్చిన నేలలో గానీ, ఏళ్ల తరబడి పొగాకు పండిన చేలో గానీ వెంచరు వేసి ఇళ్లు కట్టి అమ్మిన బిల్డరు 'ఈ నేలలో ఏముంది?' అన్న ప్రశ్నకు ముందే సిద్ధపడి ఉండాలి. ఆ ప్రశ్న సాధారణంగా కాగితం మీద రాదు. ఒక సాయంత్రం నలుగురైదుగురు ఆడవాళ్లు సైటు ఆఫీసు ముందుకు వచ్చి, స్టీలు గిన్నె మూత తీసి, 'చూడు అబ్బాయ్, బోరు నీళ్లతో వండితే అన్నం పచ్చగా వస్తా ఉంది' అంటారు. 'ఏమీ కాదులేమ్మా' అని ఆ గిన్నె మీద మూత పెట్టించిన బిల్డరును, తర్వాత ఎన్ని రిపోర్టులు తెచ్చి చూపినా నమ్మేవారుండరు.

మొదటి రోజు చేయవలసినవి రెండే పనులు. ఎవరి ఇంట్లో, ఏ కుళాయి నీటిలో, ఎప్పటి నుంచి, ఏ తేడా కనబడిందో వారి మాటల్లోనే ఒక పుస్తకంలో రాసి, తేదీ వేసి, చెప్పినవారితో సంతకం చేయించుకోవాలి. ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు మీ ఖర్చుతో నీళ్ల క్యాన్లు వేయించాలి. డబ్బాపాలు తాగే పసిపిల్లలున్న ఇళ్లకు అవి ఆ రోజే చేరాలి. క్యాన్లు వేయిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కొందరు వద్దంటారు కానీ, ఆ సలహా విని బాగుపడినవారిని నేను చూడలేదు. అన్నం పచ్చబడడానికి తరచుగా నీటిలోని క్షారగుణమే, అంటే బైకార్బొనేట్లే కారణమని మీకు తెలిసి ఉండవచ్చు. అయినా పరీక్షకు ముందు ఆ వివరణ ఇవ్వకండి. ప్రకాశం మెట్ట ప్రాంతపు బోర్లలో అలాంటి నీటికే ఫ్లోరైడ్ కూడా తోడై ఉంటుంది. దానికి రంగూ రుచీ ఉండవు, కాచినా పోదు.

భయం ఎక్కడ మొదలైందో కూడా కనుక్కోవాలి. చాలాసార్లు అది ఇంటింటికీ తిరిగే ఫిల్టర్ల అమ్మకందారు దగ్గర మొదలవుతుంది. గ్లాసు నీటిలో రెండు జతల కడ్డీలున్న పరికరం ముంచి కరెంటు ఇస్తాడు, నిమిషంలో నీరు తుప్పురంగుకు తిరిగి మడ్డి తేలుతుంది. ఆ మడ్డి ఇనుప కడ్డీ కరిగి వచ్చినది. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది గనుక కడ్డీ కరుగుతుంది, లవణాలు తీసేసిన ఆర్వో నీటిలో పారదు గనుక నీరు తేటగా ఉంటుంది. దీన్ని మాటలతో ఖండించే బదులు, కొన్న మంచి నీటి సీసాలో చిటికెడు ఉప్పు కలిపి అదే పరికరం పెట్టి చూపండి. అయితే ఆ అమ్మకందారు మాయ చేశాడు గనుక మీ బోరు శుభ్రమైనదేనని అక్కడే తేల్చకండి. టీడీఎస్ పెన్ను విషయమూ అంతే. అది కరిగిన లవణాల అంచనా మాత్రమే ఇస్తుంది, పురుగుమందును గానీ ఆర్సెనిక్‌ను గానీ పట్టుకోదు.

తర్వాత నేల చరిత్ర తీయాలి. ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రం) చూస్తే యజమానులు తెలుస్తారు, పంటలు తెలియవు. పాత అడంగళ్లలో, అంటే గ్రామ రెవెన్యూ పంట లెక్కల్లో, సర్వే నంబరు వారీగా ఏ యేడు ఏం పండిందో ఉంటుంది. వాటితో పాటు పాత ఉపగ్రహ చిత్రాలు తీసి ఇప్పటి లేఅవుట్ ప్లాను మీద వేస్తే గుంట ఎక్కడ ఉండేదో, పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) ఎక్కడ ఉండేదో, మందులు కలిపిన బోరు దగ్గరి గట్టు ఎక్కడో బయటపడుతుంది. ఊళ్లో పాత కౌలుదార్లను ఒక పూట కూర్చోబెట్టి అడిగితే కాగితాల్లో లేనివి కూడా చెబుతారు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల వైపు రొయ్యల గుంట అయితే చల్లిన సున్నం, బ్లీచింగ్ ఎక్కువ కాలం నిలవవు. ఉప్పు నిలుస్తుంది, నాచుకు వాడి ఉంటే మైలుతుత్తం తాలూకు రాగి నిలుస్తుంది, అడుగున పేరుకున్న నల్లబురదను తీయకుండా పైన మట్టి తోలితే కుళ్లిన గుడ్ల వాసన తగులుతుంది. పొగాకు నేల అయితే లెక్క వేరు. క్లోరిపైరిఫాస్ వంటి పురుగుమందులు నేలలో కొంత కాలానికి విరిగిపోతాయి కానీ, డీడీటీ, ఎండోసల్ఫాన్ వంటి పాత మందుల అవశేషాలు ఏళ్ల తరబడి ఉండిపోగలవు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లోనే ఆపించింది గనుక, అంతకు ముందు సాగులో ఉన్న చేలకు ఈ పరీక్ష మానకూడదు.

ఇక్కడ బిల్డర్లు దాటవేసే సంగతి ఒకటుంది. పునాదుల్లో చెదలు పట్టకుండా మీరే మందు కొట్టించి ఉంటారు, అది చాలాసార్లు క్లోరిపైరిఫాసో ఇమిడాక్లోప్రిడో అయి ఉంటుంది. పల్లం నింపడానికి థర్మల్ కేంద్రం బూడిద తోలించి ఉండవచ్చు. ఆ బిల్లులు, ట్రిప్పుల చీటీలు మీరే ముందుగా బయట పెట్టండి. రైతు మీద నెపం వేశాక రిపోర్టులో మీరు పోయించిన మందే తేలితే మొహం చెల్లదు.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది నమూనా దగ్గర. భయపడ్డ మనిషి రిపోర్టులోని అంకెలకంటే ముందు ఆ సీసా ఎవరి ముందు నిండిందో అడుగుతాడు. కాబట్టి ఏ కుళాయి, ఏ ప్లాటు అన్నది నివాసితులనే ఎంచుకోమనండి. నేల చరిత్రను బట్టి అనుమానం ఉన్న చోట్లను మీరు కలపండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబు మనిషే వచ్చి నమూనా తీయాలి, ఆ గుర్తింపు మీరు చేయించే పరీక్షలకు వర్తిస్తుందో లేదో ముందే చూసుకోవాలి. బోరు పైపులో నిలవ ఉన్న నీరు పోయేదాకా మోటారు వదిలి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు, ఫిల్టరుకు ముందున్న పాయింటు దగ్గర పట్టాలి. వాడుకునే కుళాయి దగ్గర ఇంకొకటి పట్టాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా, పురుగుమందులకు ముదురురంగు గాజు సీసా, లోహాలకు నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసిన సీసా వాడతారు. అన్నీ ఐసు పెట్టెలో వెళ్లాలి. ప్రతి సీసా మూత మీద అతికించిన చీటీకి నివాసితుల తరఫున ఒకరు, మీ తరఫున ఒకరు సంతకం పెట్టాలి, అదే సమయంలో నింపిన జత సీసా వారికి ఇవ్వాలి. వారు దాన్ని తమకు నచ్చిన ల్యాబుకు వెంటనే పంపుకోవచ్చు, ఆ ఖర్చు కూడా మీరే భరించడం మేలు. మట్టి విషయంలో పది చోట్ల తీసి ఒకటిగా కలిపితే డబ్బు మిగులుతుంది గానీ, మందులు ఒలికిన ఒక్క మూల ఆ కలయికలో కనబడకుండా పోతుంది. అనుమానపు చోటును విడిగానే పంపాలి.

రిపోర్టు వచ్చాక తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500తో పోల్చాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సహిస్తారు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, దానికి సడలింపు లేదు. సీసం, ఆర్సెనిక్ ఒక్కొక్కటి 0.01 మిల్లీగ్రాము. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక గ్రాము కలిస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము అని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. 'బీడీఎల్', అంటే పరికరానికి అందనంత తక్కువ, అని ఉన్న వరుసలను చూసి సంతోషపడవద్దు. పరికరం పట్టగలిగిన కనీస మోతాదు ప్రమాణం కంటే ఎక్కువగా ఉంటే, ఆ మాటకు విలువ లేదు. ఎండోసల్ఫాన్‌కు పరిమితి లీటరుకు 0.4 మైక్రోగ్రాము, అంటే అదే ట్యాంకులో గ్రాములో రెండున్నర వేల వంతు. ల్యాబు దానికంటే తక్కువను కూడా పట్టగలదో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఫలితాన్ని ముందుగా మీరు చదివి, మూడు రోజులు దాచుకుని, వకీలును అడిగి చెప్పడం అలవాటు. అలా చేయకుండా ల్యాబు రెండు పక్షాలకూ ఒకేసారి పంపేలా ఆర్డరులోనే రాయించండి. సమావేశంలో ముందు చెడ్డ అంకె చెప్పి, దానికి ఏ రోజులోగా ఏం చేస్తారో చెప్పాలి. ఫ్లోరైడ్ అయితే వేరే నీటి వనరు గానీ ఆర్వో గానీ సరిపోతుంది. నైట్రేట్ అయితే బోరు పక్కన సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో ముందు చూడండి, చాలాచోట్ల దోషం అక్కడే ఉంటుంది. అది రైతు తప్పు కాదు, ప్లాను తప్పు. నేలలోనే విషపు అవశేషాలు తేలితే కాలుష్య నియంత్రణ మండలికి మీరే రాయాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు సేవల్లో, నాణ్యతలో లోపం దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి గనుక, ఫిర్యాదు పుస్తకంలోని ఆ తొలి తేదీ మీకూ అవసరమే.

ఒక్క నమూనాతో మూసేయకండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి గనుక, జనవరిలో ఒకసారి, నీరు అడుగంటిన మే నెలలో ఒకసారి అదే బోరులో, అదే పద్ధతిలో తీయించాలి. రెండు ఫలితాలనూ, నేల చరిత్ర పటాన్నీ, చెదల మందు బిల్లునూ, బోరు లోతు చీటీనీ ఒక ఫైలులో పెట్టి నివాసితుల సంఘం కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.