తాతల నాటి పూల బిళ్ళల గచ్చు బాగు చేసుకుని సీలర్ వేసుకోవడం ఎలా

మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో మండువా ఇల్లు. సావిట్లో, నట్టింట్లో, పూజగది ముందు అంతా 8 అంగుళాల పూల బిళ్ళలు, వసారాలో ఎర్ర గచ్చు. చాలా ఏళ్ళు తాళం వేసి ఉన్న ఇల్లు కదా, తీసి చూస్తే సున్నం చుక్కలు, గబ్బిలాల రెట్టలు, బీరువా కాళ్ళ తుప్పు మరకలు, ఓ గదిలో ఎవరో గమ్ము పెట్టి అంటించిన ప్లాస్టిక్ కార్పెట్. తాపీ మేస్త్రి వచ్చి ఓ చూపు చూసి "తీసి పారేసి విట్రిఫైడ్ ఏయించేస్కోండి బాబుగారూ, లేదంటే మిషనెట్టి ఓ రెండు పొరలు లేపేత్తే అద్దంలా వచ్చేత్తదండి" అన్నాడు. రెండూ చెయ్యలేదు. కానీ అంతకంటే పెద్ద తప్పు అప్పటికే ఒకటి చేసేశా.

ఇల్లు కడగడానికి పిలిచిన మనిషి వంటింటి పక్క గదిలో బాత్రూం యాసిడ్ పోశాడు. నేను అక్కడే నిలబడి చూస్తున్నా, బుసబుసా నురగ వచ్చింది, అబ్బ మురికి ఎంత బాగా వదుల్తోందో అనుకున్నా. ఆరాక చూస్తే ఎరుపు కాస్తా వెలిసిన లేత గులాబీ అయిపోయింది, వేలు పెట్టి రాస్తే ఉప్పుకాగితంలా గరుకు. ఆ నురగంతా బిళ్ళ కరిగిపోతుంటే వచ్చిందట.

ఎందుకలా అయ్యిందో తెలియాలంటే ఈ బిళ్ళ ఎలా తయారవుతుందో తెలియాలి, ఇది అర్థమైతే మిగతా పనంతా మీకే తడుతుంది. ఇవి బట్టీలో కాల్చినవి కావు. ఇనప అచ్చులో ఇత్తడి రేకుల గళ్ళు పెట్టి, తెల్ల సిమెంటు, పాలరాతి పొడి, రంగు కలిపిన జావని గడి గడికీ పోస్తారు, రేకు తీసేసి మీద పొడి సిమెంటు ఇసుక చల్లుతారు, ఆ మీద ముతక సిమెంటు పొర, అంతా కలిపి ప్రెస్‌లో గట్టిగా నొక్కి, నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. అంటే మనం చూసే పువ్వంతా పైనున్న 3, 4 మిల్లీమీటర్ల చర్మం, దాని కింద ఉత్త బూడిద రంగు సిమెంటు. సిమెంటుకీ పాలరాతి పొడికీ పులుపు పడదు, యాసిడే కాదు నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఏదైనా సరే తినేస్తుంది. మా పూజగది ముందు నాలుగు బిళ్ళల మీద గుండ్రంగా గరుకు మచ్చలుంటాయి, చిన్నప్పట్నుంచీ అవేంటో తెలిసేది కాదు, అమ్మమ్మ ప్రతి శుక్రవారం అక్కడే కూర్చుని కుందులు, పంచపాత్ర చింతపండుతో తోమేది, ఆ గిన్నె అడుగు గుర్తులన్నమాట.

కాబట్టి ముందు మీ ఇంట్లో ఉన్నది ఏంటో తేల్చుకోండి. విరిగిన ముక్క ఒకటి తీసి అంచు చూడండి, పైన సన్న రంగు పొర, కింద బూడిద రంగు ఉంటే పూల సిమెంటు బిళ్ళ. ముక్క లేకపోతే మంచం కింద ఓ మూల నిమ్మరసం ఒకే ఒక్క చుక్క వేసి చూడండి, బుడగలొచ్చి మెరుపు పోతే సిమెంటో పాలరాయో. రాతి చిప్పలు కనిపిస్తుంటే అది మొజాయిక్, దాంట్లో చిప్పలు లోతుగా ఉంటాయి కాబట్టి మిషన్ పాలిష్ తట్టుకుంటుంది. బిళ్ళ అతుకులు లేకుండా ఏకంగా ఎర్రగా ఉంటే రెడాక్సైడ్ గచ్చు, దానికి మిషన్ అస్సలు వద్దు, దానిదీ పల్చని పొరే. ఇంకో మాట, బర్మింగ్‌హామ్ అటువైపు పాత విక్టోరియన్ ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు కూడా ఉంటారు కదా, మీ హాల్లో ఉండే చిన్న చిన్న ముక్కల బిళ్ళలు మింటన్ లాంటి కంపెనీలు చేసినవి, అవి కాల్చిన మట్టివి, వాటి రంగు తొందరగా పోదు గానీ కింద ఉన్న సున్నానికీ సందుల్లోని సిమెంటుకీ యాసిడ్ ఎలాగూ పడదు. చెమ్మ గురించి కింద చెప్పేది మీకూ వర్తిస్తుంది.

చెమ్మ. అందరూ దాటేసేది ఇదే. పాత ఇళ్ళకి నేల కింద చెమ్మ ఆపే పొర ఏదీ ఉండదు, మట్టిలో తడి మెల్లగా బిళ్ళలోంచి పైకొచ్చి గాల్లో కలిసిపోతుంటుంది, ఇన్నేళ్ళూ అలాగే నడిచింది. మీరు పైన వార్నిష్ లాంటిదేదో కొట్టి దారి మూసేస్తే ఆ తడి ఎటుపోతుంది, పొర కింద తెల్లగా పొగమంచు పట్టినట్టు అయిపోయి చివరికి పొలుసులుగా లేచిపోతుంది. పరీక్ష తేలిక, ఒకటిన్నర అడుగు పాలిథిన్ షీట్ నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి ఓ రోజంతా వదిలెయ్యండి. తీశాక లోపల నీటి బిందువులున్నా, కింద బిళ్ళ రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే. ఒక్క చోట కాదు, ప్రతి గదిలో గోడ పక్కనా మధ్యలోనా రెండు చోట్ల చెయ్యండి. మా వైపు కార్తీకం దాకా వానలే కాబట్టి ఈ పని సంక్రాంతి ముగ్గులు అయ్యాక మొదలెట్టి ఎండల్లో సీలర్ (నీళ్ళూ మరకలూ బిళ్ళలోకి ఇంకకుండా రాసే ద్రవం) వేసుకోవడం మంచిది. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నా, పెరట్లో తూము మూసుకుపోయినా ముందు అవి చూస్కోండి, గచ్చుకి ఎంత ఖర్చు పెట్టినా ఆ నీళ్ళు ఆగకపోతే దండగ.

తెల్లగా ఉప్పు పూసి ఉంటే కడగబుద్ధేస్తుంది, కడక్కండి. నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోయి వారానికి మళ్ళీ పూస్తుంది. పొడి బ్రష్‌తో దులిపి వాక్యూమ్‌తో లాగెయ్యండి, మళ్ళీ వస్తే మళ్ళీ దులపండి, రావడం తగ్గేదాకా ఆగండి. మాకు దీనికే నెల పైన పట్టింది.

ఇక శుభ్రం చెయ్యడం. సున్నం చుక్కలకి తడిగుడ్డ వేసి ఓ పావుగంట నానబెట్టి వెదురు బద్దతో గీకితే లేచొస్తాయి, ఎనామిల్ పెయింట్ చుక్కలకి బ్లేడు బాగా పడుకోబెట్టి గీకాలి, నిలబెడితే గీతలు పడతాయి. కార్పెట్ గమ్ముకి టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ పరిచి, పైన పాలిథిన్ కప్పి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ గరిటెతో తీశాం, కిటికీలన్నీ తెరిచి, పొయ్యి దీపం ఏదీ వెలిగించకుండా. తర్వాత మామూలు కడుగుడు: పీహెచ్ న్యూట్రల్ (అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు) అని రాసున్న ఫ్లోర్ క్లీనర్, గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్, అంతే. కుంకుడు రసం మంచిదే కదా అని మా పిన్ని అంది, కానీ దానిదీ కొంచెం పులుపు గుణమే అందుకే వద్దన్నా. ఒకేసారి గదంతా బకెట్లు కుమ్మరించకుండా మూడడుగులకి మూడడుగులు తడిపి, రుద్ది, ఆ మురికి నీళ్ళు ఆరకముందే గుడ్డతో ఎత్తేసి, మంచి నీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడిచి అప్పుడు పక్కదానికి వెళ్ళాలి. నడుం పడిపోతుంది, చిన్న పీట వేస్కోండి. స్టీలు పీచు మాత్రం దగ్గరికి రానీకండి, దాని ముక్కలు సందుల్లో ఇరుక్కుని తుప్పు పడతాయి.

దీపారాధన నూనె పీల్చుకున్న బిళ్ళలు ఎంత రుద్దినా నల్లగానే ఉంటాయి, వాటికి పట్టు వెయ్యాలి. ముల్తానీ మట్టో సుద్ద పొడో తీసుకుని టర్పెంటైన్‌తో గట్టి చట్నీలా కలిపి, మరక మీద అర అంగుళం మందాన పెట్టి, పాలిథిన్ కప్పి ఓ రోజు ఉంచి, తర్వాత కప్పు తీసి పూర్తిగా ఆరనిస్తే ఆ పొడి ఆరుతూ నూనెని పైకి లాక్కుంటుంది. మాకు మూడుసార్లు వేస్తే గాని వదల్లేదు, అది కూడా ముప్పావు వంతే. పసుపు మరకలు గుమ్మం దగ్గర ఎండ పడే చోట ఉంటే వాటంతటవే వెలిసిపోతాయి, పసుపు రంగు ఎండకి ఆగదు. తుప్పు మరకల కోసం ఆక్జాలిక్ పౌడర్ అమ్ముతారు, మొజాయిక్ పాలిష్ వాళ్ళు వాడేది అదే, కానీ అదీ యాసిడే. ఆ మరకలు నేనైతే వదిలేశా, మళ్ళీ బీరువా అక్కడే పెట్టా, ఈసారి కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు వేసి.

కదిలే బిళ్ళలు పట్టుకోవడానికి చెక్క గరిటె కాడతో ఒక్కోటీ తట్టుకుంటూ పోండి, డొల్ల చప్పుడు వచ్చినదాని మీద మాస్కింగ్ టేపు అంటించి నంబరు వేసి ఫోటో తీస్కోండి. పువ్వు నాలుగు బిళ్ళలు కలిస్తే వస్తుంది కాబట్టి నంబర్లు లేకపోతే తర్వాత ఏది ఎటు తిప్పాలో అర్థం కాక చస్తారు. సందులో హాక్సా బ్లేడు ఆడించి వదులు చేసి మెల్లగా లేపాలి, ఉలీ సుత్తీ పెడితే పక్క బిళ్ళ అంచు ఎగిరిపోతుంది. కింద పాత సున్నం మెత్తగానే ఉంటుంది, గీకేసి, బిళ్ళ వెనక తడిపి, సున్నం ఇసుక గానీ, 1కి 6 పాళ్ళలో సిమెంటు ఇసుక గానీ పల్చగా వేసి, పైన చెక్క పెట్టి రబ్బరు సుత్తితో తట్టి పక్కవాటితో మట్టం చూస్కోండి.

విరిగినవాటికి కొత్తవి ఎక్కణ్ణుంచి తెస్తారంటే, ముందు మీ ఇంట్లోనే వెతకండి. బీరువా కింద, ధాన్యం గదిలో, మంచం కింద అవే బిళ్ళలు ఎవరూ తొక్కకుండా కొత్తగా ఉంటాయి. అవి తీసి సావిట్లో వేసి ఆ ఖాళీలో వేరేవి వేస్కోండి, మేము 11 బిళ్ళలు ఇలాగే మార్చాం. ఇంకా కావాలంటే పాత ఇళ్ళు పడగొట్టే దగ్గర దొరుకుతాయి. కొత్తగా చేయించాలంటే ముంబైలో 1922 నుంచీ ఉన్న భారత్ ఫ్లోరింగ్స్ వాళ్ళు ఉన్నారు, తమిళనాడులో కారైక్కుడి దగ్గర ఆత్తంగుడిలో అయితే ప్రెస్ లేకుండా గాజు పలక మీద పోసి చేత్తో చేస్తారు, ఆ గాజు నున్నదనమే బిళ్ళకి వస్తుంది. ఎవరి దగ్గరైనా పాత బిళ్ళ ఒకటి చేతికిచ్చి, మందం కూడా కొలిచి చెప్పండి, పువ్వు ఒకటే అయినా మందం తేడా వస్తే నేల చెక్కాల్సి వస్తుంది.

పాలిష్ కావాలంటే మిషన్ రాళ్ళు వద్దు, మేస్త్రి చెప్పిన ఆ "రెండు పొరలు" లేపితే మనకున్నదే 3 మిల్లీమీటర్లు, గుమ్మం దగ్గరైతే మూడు తరాల అడుగులకి అరిగి ఇంకా తక్కువ. 400, 800, 1500 నంబర్ల డైమండ్ ప్యాడ్లు (నంబరు పెరిగేకొద్దీ నునుపు) దొరుకుతాయి, తడి చేసుకుంటూ చేత్తో పైపైన రుద్దితే చాలు, యాసిడ్ పడ్డ గదిలో గరుకుతనం దీనితోనే కొంత పోయింది. ఆ గచ్చు మళ్ళీ ఎర్రగా మాత్రం అవ్వలేదు.

అంతా కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, కనీసం వారం, పాలిథిన్ పరీక్ష మళ్ళీ చెయ్యండి. ఇప్పుడు సీలర్. షాపులో రెండు రకాలు చూపిస్తారు, ఒకటి పైన మెరిసే పొరలా ఆరేది, ఎక్రిలిక్ లాంటిది, ఇంకోటి లోపలికి ఇంకిపోయేది, డబ్బా మీద సైలేన్ సైలోక్సేన్ అనో ఇంప్రెగ్నేటింగ్ అనో ఉంటుంది. పాత నేలకి ఇంకేదే తీస్కోండి, నీళ్ళు లోపలికి పోనివ్వదు గానీ కింద ఆవిరి బయటికి రావడానికి దారి ఉంటుంది. మెరుపు రాదు, మెరుపు రాలేదేంటని మా వాళ్ళంతా అడిగారు. రంగు ముదిరి కనిపించాలంటే కలర్ ఎన్‌హాన్సింగ్ రకం ఉంటుంది, అది ముందు బీరువా కింద బిళ్ళ మీద వేసి రెండ్రోజులాగి చూడండి, ఒకసారి ముదిరాక వెనక్కి రాదు.

వెయ్యడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. పోగులు రాలని గుడ్డతో గానీ పొట్టి నూగు రోలర్‌తో గానీ పల్చగా రాసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, మామూలుగా 5 నుంచి 10 నిమిషాలు, ఇంకకుండా మిగిలింది పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచెయ్యాలి. ఈ తుడవడం బద్ధకిస్తే జిగట మరకలుగా గట్టిపడిపోతుంది, మా తమ్ముడు ఫోన్ వచ్చిందని వెళ్ళిన పది నిమిషాలకి ఓ మూల అలాగే అయ్యింది, టర్పెంటైన్‌తో మళ్ళీ అదంతా తీసుకున్నాం. కొత్తగా సందులు నింపాల్సి ఉంటే ముందు ఒక పూత సీలర్ వేసి అప్పుడు నింపండి, లేకపోతే ఆ సిమెంటు రంగు లేత బిళ్ళల్లోకి పీల్చుకుంటుంది. తర్వాత రెండో పూత. గది లోపలి మూల నుంచి మొదలెట్టి తలుపు వైపుకి రండి, నవ్వకండి, నేను మూలలో ఇరుక్కున్నా. మర్నాడు నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడాలి, ఇంకిపోయి రంగు ముదిరితే ఇంకో పూత కావాలి. సామాన్లు రెండ్రోజుల తర్వాతే.

వసారాలో ఎర్ర గచ్చుకి సీలర్ వెయ్యలేదు, కడిగి ఆరాక మైనం పాలిష్ పల్చగా రుద్దాం. కొబ్బరి నూనె పూస్తారు కొందరు, మెరుస్తుంది కానీ దుమ్మంతా పట్టేసి నల్లబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాన జల్లు పడే చోట మైనం కూడా వద్దు, జారతారు.

రోజూ పనికి మామూలు నీళ్ళ తడిగుడ్డ చాలు, బాత్రూం క్లీనర్లు, నిమ్మ వాసన లిక్విడ్లు వద్దు. గుమ్మం బయట ఓ పీచు పట్టా, లోపల ఓ పట్టా వేస్కోండి, కాళ్ళకంటి వచ్చే ఇసుకే బిళ్ళని ఉప్పుకాగితంలా అరగదీసేది. ఏడాదికోసారి నీటి చుక్క వేసి చూస్కుని అవసరమైన చోట మాత్రమే మళ్ళీ సీలర్ రాస్తే సరిపోతుంది, నడక ఎక్కువున్న గుమ్మాల దగ్గరే ముందు అవసరం పడుతుంది. పూజగది ముందు ఆ గుండ్రటి గరుకు మచ్చలు మాత్రం ప్యాడ్ పెట్టకుండా అలాగే ఉంచేశా, ఇత్తడి సామాన్లు తోమడం నూతి గట్టు మీదకి మార్పించా.