ఊళ్లో ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా ముందుగా పవర్ పత్రం సంగతి చూసుకోండి

తిరుపతి నుంచి ఉద్యోగానికని ఈ మధ్యే అమెరికా వచ్చిన ఒక తమ్ముడు, కరకంబాడి రోడ్డు వైపున్న తన ఇంటిని అమ్మిపెట్టమని ఊళ్లోని మధ్యవర్తికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ, అంటే తన తరఫున అన్ని పనులూ చేసే అధికారమిచ్చే పత్రం) రాసిచ్చాడు. ఆ పత్రం నకలు నేను చదివాను. అందులో ఇంటి నంబరు లేదు, హద్దులు లేవు. "నాకు చెందిన యావత్తు స్థిరాస్తులను" అమ్మడానికి, తనఖా పెట్టడానికి, సొమ్ము పుచ్చుకుని రసీదు ఇవ్వడానికి సర్వాధికారాలు ఉన్నాయి. కొనుగోలుదారు ఇచ్చిన అడ్వాన్సు నేరుగా మధ్యవర్తి ఖాతాలో పడింది. ఆ సంగతి ఇతనికి వాళ్లమ్మగారు ఫోన్ చేసి అడిగినప్పుడు గాని తెలియలేదు. చదువుకున్న పిల్లలు, నెలజీతం ఒప్పంద పత్రాన్ని పంక్తి పంక్తీ చదివేవాళ్లు, తండ్రి కట్టిన ఇంటి కాగితం దగ్గర మాత్రం చదవకుండా సంతకం పెట్టడం చూస్తే నాకు బాధా కలుగుతుంది, కోపమూ వస్తుంది.

కొత్తగా వచ్చిన నెలల్లో మనసు ఎంత అస్థిమితంగా ఉంటుందో నాకు తెలుసు. నాకూ అప్పట్లో అర్ధరాత్రి దాటాక ఊరినుంచి ఫోన్లు వచ్చేవి. పార్టీ సిద్ధంగా ఉంది, రేపు మంచిరోజు, మీ సంతకం ఒక్కటే ఆలస్యం అని తొందరపెట్టేవారు. ఆ తొందరలో పంపిన పత్రం కూడా ఒకసారి వెనక్కి వచ్చింది. కారణం ఇంతే: మన వైపు పాత దస్తావేజుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలోకి చేరుతుంది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఆ ఇద్దరూ ఒకరేనని ఎవరూ ఊహించుకోరు. కాబట్టి దస్తావేజులోని పేరును, పాస్‌పోర్టులోని పేరును రెండింటినీ పత్రంలో రాసి, అవి ఒకే వ్యక్తివని స్పష్టంగా చెప్పించండి.

పత్రాన్ని జనరల్‌గా కాక, ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్‌గా రాయించండి. ఏ ఇల్లు, ఏ సర్వే నంబరు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) ఏమిటి, ఎంత ధరకు తక్కువ కాకుండా అమ్మాలి అన్నవన్నీ అందులో ఉండాలి. పవర్ పుచ్చుకున్నవారు దస్తావేజుపై సంతకం చేసి రిజిస్ట్రేషన్‌కు హాజరు కావచ్చు గాని, సొమ్ము మాత్రం మీ ఎన్ఆర్ఓ ఖాతాలోనే (ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం భారత బ్యాంకులో తెరిచే ఖాతా) పడాలని రాయండి. ఈ ఒక్క వాక్యం కోసం డాక్యుమెంట్ రైటర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పవర్‌ను అన్నకో, అక్కకో, మేనమామకో ఇవ్వండి, మధ్యవర్తికి మాత్రం ఇవ్వకండి. ఇచ్చాక రద్దు చేసుకోవచ్చులే అని ధీమా పడవద్దు. రద్దు పత్రాన్ని రిజిస్టరు చేయించి, పవర్ పుచ్చుకున్నవారికి నోటీసు అందేలోపే అమ్మకం జరిగిపోవచ్చు. పవర్ పుచ్చుకున్నవారి దగ్గరే డబ్బు తీసుకుని, దానికి బదులుగా ఆ ఆస్తిమీదే హక్కు కల్పిస్తూ రాసిన పవర్ అయితే మీ ఇష్టప్రకారం ఏకపక్షంగా రద్దు చేయడం కుదరదు.

సంతకం భారత కాన్సులేట్ అధికారి ఎదుట పెట్టడమే నా దృష్టిలో మేలు. టెక్సాస్‌లో ఉన్నవారు హ్యూస్టన్ కాన్సులేట్‌కు, కువైట్‌లో ఉన్న మన జిల్లావారు అక్కడి రాయబార కార్యాలయానికి వెళ్లాలి. స్థానిక నోటరీ సంతకంతో, అపోస్టిల్‌తో (ఆ నోటరీ సంతకం నిజమేనని అక్కడి ప్రభుత్వమిచ్చే ధ్రువీకరణతో) పంపే పద్ధతీ ఉంది గాని, ముందుగా మీ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కనుక్కోండి. పత్రం భారతదేశం చేరిన 3 నెలల లోపల దానికి స్టాంపు సుంకం కట్టించాలి. ఇంట్లో బీరువాలో పెట్టి, పార్టీ దొరికాక చూద్దామనుకునేవారు ఈ గడువును దాటించేస్తున్నారు.

కొనేవారికి రెండు మాటలు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ ప్రవాసులు కొనకూడదు, వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు. తిరుపతి చుట్టుపక్కల దేవస్థానం భూములు, మఠం భూములు, చెరువు పోరంబోకులు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూములు) ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కనుక, అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఈసీ (ఆస్తిపై ఇప్పటివరకు జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి, లేఅవుటుకు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి అడగండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి పాత లింకు డాక్యుమెంట్లలో (ఆస్తి ఇదివరకు చేతులు మారిన దస్తావేజుల్లో) చిత్తూరు జిల్లా అని ఉంటే కంగారు పడనక్కరలేదు. కేవలం జీపీఏ మీద చేతులు మారిన ఇంటికి మాత్రం దూరంగా ఉండండి. అలాంటి పత్రంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. ధర బేరమాడేటప్పుడు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిసి 7.5 శాతం అవుతాయని లెక్కలో ఉంచుకోండి.

అమ్మేవారు ప్రవాసులైతే కొనుగోలుదారు పన్ను కోసుకుని మిగతాది ఇస్తారు. రెండేళ్లు దాటిన ఇంటిపై వచ్చిన లాభానికి 12.5 శాతం, దానిపై సర్‌చార్జీ, సెస్సు ఉంటాయి. అయితే లాభం ఎంతో తేలక చాలామంది మొత్తం ధరమీదే కోసేస్తారు. రిజిస్ట్రేషన్‌కు చాలా ముందుగానే ఆదాయపు పన్ను శాఖకు తక్కువ కోత ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంత చెప్పాక భయపడి అసలు పనే మానుకుంటారేమోనని ఒక మాట చేరుస్తున్నాను. దూరాన ఉండి ఇల్లు సవ్యంగా అమ్ముకున్నవాళ్లు, కొనుక్కున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, మీ పనీ అవుతుంది. మీ ఆస్తిపై ఎప్పుడో ఇచ్చిన పవర్ ఒకటి ఇప్పటికే ఉన్నట్లయితే మాత్రం ఈ వారమే దాని నకలు తెప్పించుకుని, ఊళ్లో మీకు తెలిసిన న్యాయవాదికి చూపించండి.